పెద్దవి పెట్టు, కొత్తవి వద్దు

అమ్మకి,

బడి మానేసినట్టే కోళ్ళనీ మధ్యలో వదిలేస్తానని నిన్న ఫోన్లో అన్నావు చూడు, ఆ మాట మాత్రం ఒప్పుకోను. బడి మానేసింది నేనే, కాదనను. కానీ నువ్వెళ్ళిన ఈ ఇరవై రోజుల్లో ఒక్క పూట దాణా ఆలస్యం చెయ్యలేదు. శనివారం బావకి బండిచ్చి పంపి, కోళ్ళన్నిటినీ అక్కడికే తెప్పించుకుంటానన్నావు. బావని పంపొద్దు. ఎందుకొద్దో ఫోన్లో చెప్పబోతే రెండో మాట దాకా రానివ్వవు. అందుకే రాస్తున్నా. దాణా బండాయన అక్క వాళ్ళ వైపే వస్తున్నాడు, సాయంత్రానికల్లా అందిస్తానన్నాడు.

ఇక్కడ నేను క్షేమం, నాన్న క్షేమం. మిగతావాళ్ళ సంగతి కింద రాస్తా. నీ కంటి ఆపరేషన్ కట్టు ఇంకా విప్పలేదు కాబట్టి ఇది చదివేది అక్కే. అక్కా, ఉన్నది ఉన్నట్టు చదువు, మధ్యలో నీ సొంత తిట్లు కలపకు.

ముందు నువ్వడిగినవి. గుడ్డు పెంకు గట్టిపడ్డానికి వేసే గుల్ల పొడి దాణాలో కలపట్లేదు, వేరే గిన్నెలో పెడుతున్నా, కావలసిన కోడే వచ్చి తింటోంది. గూళ్ళలో గడ్డి రెండ్రోజులకోసారి మారుస్తున్నా. మొక్కజొన్న తగ్గించా. కొవ్వు పడితే పెద్ద గుడ్డు లోపలే అడ్డం పడుతుందన్నావుగా.

ఇక గొడవ సంగతి. కరెంటుతో గుడ్లు పొదిగే పెట్టెలో ఏవి పెట్టాలని అడిగితే నువ్వేమన్నావు? "పెద్దవి పెట్టు, కొత్తవి వద్దు." అంతేగా అన్నావు! నేను కాటా పెట్టి ఒక్కొక్కటీ తూచా. తొంభై గ్రాములు దాటినవి పన్నెండు ఏరా. కొత్తవి వద్దన్నావని, అప్పుడే పెట్టిన గుడ్లని ఒక రోజు పక్కన ఉంచి మరీ పెట్టా. నువ్వన్నది పెద్ద కోళ్ళ గుడ్లనీ, కొత్తగా కొన్న కోళ్ళవి వద్దనీ నాకెలా తెలుస్తుంది? కోళ్ళకీ గుడ్లకీ కలిపి ఒకే మాట వాడేస్తే ఎలా?

మొన్న టార్చి పెట్టి చూస్తే ఒక్కో గుడ్డులో రెండేసి నీడలు. కవలలనుకుని ఎగిరి గంతేశా. పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చి చూసి నవ్వాడు. "కవలలు కాదురా నాయనా, రెండు సొనలు. కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్టలు ఇలాగే పెడతాయి. చూడ్డానికే లావు, పిల్ల రాదు. మీ అమ్మ పెంచే పెద్ద గుడ్డు జాతి కావాలంటే ఆ ముసలి పెట్టలవి వెయ్యాలి." నీ మూడు ముసలి పెట్టలవీ ఎనభై గ్రాములే తూగాయని నేను బేకరీకి పంపేశా.

ఇంతవరకు నిన్న చెప్పా. నువ్వు అరిచి అరిచి చివరికి చల్లబడి, "పోనీలే, పుంజు ఉందిగా, ఇక్కడికి తెప్పించి నేనే పెట్టుకుంటా" అన్నావు. అక్కడే ఫోన్ కట్ చేశా. ఛార్జింగ్ అయిపోయి కాదు.

అక్కా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అమ్మ పక్కన కూర్చో.

పుంజు లేదమ్మా. పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. షెడ్డు కడుగుతుంటే కాళ్ళ మీదికొచ్చి పొడుస్తోందని గంప కింద మూసి, గోడ నీడలో పెట్టా. ఐదు నిమిషాల్లో వస్తానని మెకానిక్ దగ్గరికి వెళ్ళా. అక్కడ ఇంజను విప్పి ఉంది, చూస్తూ నిలబడిపోయా. నీడ జరిగింది, నేను జరగలేదు. రెండు గంటల తర్వాత గంప ఎత్తితే నోరు తెరుచుకుని పడి ఉంది. నాన్నకి తెలుసు. రోజూ అన్నం దగ్గర "చెప్పావా?" అంటాడు. "రేపు" అంటా. ఏటేటా పెద్ద గుడ్డు పెట్టిన పెట్టల పిల్లల్నే ఉంచుకుంటూ ఎనిమిదేళ్ళు నిలబెట్టావు. ఆ జాతికి మిగిలిన ఒక్క పుంజుని నేను చంపేశా.

కానీ అంతా అయిపోలేదు. పుంజు పోయినా పది పన్నెండు రోజుల దాకా ఆ పెట్టల గుడ్లలో పిల్ల ఉండొచ్చని కాంపౌండరు అన్నాడు. అంటే ఆదివారం దాకా. నిన్న నీతో మాట్లాడాక బేకరీకి పరిగెత్తా. "అమ్మిన గుడ్లు వాపసు అడిగేవాణ్ణి నిన్నే చూశానురా. పో, పిండిలో వెతుక్కో" అన్నాడు బేకరీ ఆయన. తిడుతూనే ట్రే ముందుకు తోశాడు. మనవి ఐదు మిగిలాయి. పెట్టెలో పెట్టా. ఇప్పుడు కోళ్ళని బండెక్కిస్తే బెదిరిపోయి వారం దాకా గుడ్డు పెట్టవు, అది నాకు నేర్పింది నువ్వే. ఆదివారం దాటాక బావని పంపు. కోళ్ళని తీసుకుపొమ్మను, నన్ను నాలుగు తన్నమను, పడతా.

ఆ మూడు ముసలి పెట్టల్లో ఎర్రదీ బూడిదరంగుదీ ఇవాళ చెరొకటి పెట్టాయి. నల్లదే పొద్దుట్నుంచీ గూట్లో ముక్కుతోంది. పొట్ట కింద చెయ్యి పెడితే గుడ్డు తగులుతోంది, బాగా పెద్దది, బయటికి రావట్లేదు. గోరువెచ్చటి నీళ్ళలో నడుం దాకా కూర్చోబెట్టమన్నాడు కాంపౌండరు. నొక్కావో, లోపల పగిలి కోడే పోతుందన్నాడు. నేనెప్పుడూ చెయ్యలేదమ్మా ఇది. నువ్వు చేస్తుంటే చూశాను, అదీ సగమే.

ఇప్పుడే లేచి నిలబడింది. మళ్ళీ కూలబడింది. కళ్ళు మూసేస్తోంది. బండాయన హారన్ కొడుతున్నాడు, నాన్న నీళ్ళ తొట్టి తెచ్చేశాడు. వెళ్ళాలి.

ఇట్లు,
నీ చిన్నోడు