పెద్దవూరకు దగ్గర్లో గొర్రెల డాక్టర్

సూర్యాపేట, మంగళవారం రాత్రి

జనం ఫోన్లో ఎలా వెతుకుతారో ఆలోచించి, పశువుల డాక్టరు గారి వెబ్‌సైటుకు మాటలు రాసింది నేనే. దవాఖాన ఉన్నది సూర్యాపేటలో. అయినా దూరపు ఊళ్లవాళ్లకూ కనబడాలని "పెద్దవూరకు దగ్గర్ల గొర్రెల డాక్టర్ ఏడున్నడు" అని పెట్టాను. అచ్చం అక్కడివాళ్లు అడిగినట్టే కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఈరోజు వెబ్‌సైటుకు ఫొటోలు తీయడానికి దవాఖానకు వెళ్తే, పెద్దవూర నుంచి ఒకామె వచ్చింది. మిర్యాలగూడలో బస్సు మారి, సంచిలో జబ్బు గొర్రెపిల్లను పెట్టుకుని. బయటికి తీసేసరికే అది చల్లబడింది.

"మాకు గీ డాక్టరే దగ్గరని ఫోన్ల సూపెట్టింది సారూ. ఆడ రాసింది మా మాట లెక్కనే ఉంటే నమ్మిన," అంది నాతో.

తీసేద్దామని ఇంటికొచ్చి ఆ వాక్యం ఉన్న పేజీ తెరిచాను. ఎన్నిసార్లు చదివినా ఆమె గొంతే వినిపిస్తోంది.