నా గీతను ఎవరూ సాపు చేయరాదు

పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు రాసి, వాటికి బొమ్మలు కూడా నేనే వేసి, ఆ పని మీదే ఇల్లు కట్టి ఇద్దరు బిడ్డలను పెంచిన నేను, ఎదురుపడిన పిల్లలందరూ గాడిదమ్మ అని పిలిచే నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, పట్టపగలు, నా పనిగదిలో, నా వాలుబల్ల ముందు కూర్చుని ప్లీడరు గారి చేత రాయిస్తున్న వీలునామా ఇది. నా కుడిచెయ్యి వణుకుతుంది. బుద్ధి వణకదు. బుద్ధి సంగతికి నరాల డాక్టరు గారు సాక్షి. చెయ్యి సంగతికి సాక్షి అక్కర్లేదు, కింద సంతకం చూస్తే చాలు.

వీలునామాలో ఆస్తి ఉండాలి గానీ సొంత కబుర్లు ఉండకూడదని ప్లీడరు గారు మెల్లగా చెప్పి చూశారు. ఆస్తి ఎలా వచ్చిందో చెప్పకుండా ఎవరికి పోవాలో చెప్పడం నాకు చేతకాదన్నాను. చిన్నప్పుడు నా పుస్తకాలు చదివిన మనిషే కాబట్టి ఆయన నేను చెప్పింది చెప్పినట్టే టైపు చేస్తున్నారు.

1. ఈ ఇల్లు నా స్వార్జితం. దీని మీద మరెవరికీ ఎలాంటి హక్కూ లేదు. నా తదనంతరం నా కుమారుడికీ, నా కుమార్తెకూ చెరిసగం చెందవలసినది. అమ్ముకుంటారో ఉంచుకుంటారో వాళ్లిష్టం. ఒక్క పనిగది మాత్రం నా ఆఖరి పుస్తకం అచ్చయి బయటికి వచ్చేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. సింకు పక్క గోడకు రంగు వేయించవద్దు. బ్రష్షు కడిగి విదిలించడం నా అలవాటు. నేను వేసిన ప్రతి పుస్తకం రంగూ ఆ గోడ మీద ఉంది. ఇల్లు కొనేవాళ్లు వచ్చి వాటిని మరకలంటే ఒప్పుకోవద్దు.

2. నా కుమార్తెకు నా డమ్మీలన్నీ ఇస్తున్నాను. డమ్మీ అంటే, తెల్లకాగితాలు మడిచి, నడుమ కుట్టి, పెన్సిలుతో బొమ్మలు గీసి, మాటలు రాసిపెట్టుకునే కచ్చా పుస్తకం. అసలు బొమ్మలు మొదలుపెట్టే ముందు కథ నిలబడుతుందో లేదో చూసుకోవడానికి చేసుకునేది. బయటివాళ్ల కంటికి అవి చిత్తుకాగితాలు. నా ప్రాణం మాత్రం వాటిలోనే ఉంది.

డమ్మీ తయారయ్యాక ఈ గది నేల మీద కూర్చుని మా అమ్మాయికి చదివి వినిపించేదాన్ని. అది బోర్లా పడుకుని, కాళ్లు ఊపుతూ వినేది. కథలో పడితే కాళ్లు ఆగిపోయేవి. పడకపోతే దాహమేస్తోందని నీళ్లకు లేచేది. దానికి దాహం వేసిన పేజీని నేను చించేసేదాన్ని. మేమిద్దరం వాటికి నీళ్లపేజీలని పేరు పెట్టుకున్నాం. పండితులు మెచ్చుకున్న పేజీలు కూడా అలా చెత్తబుట్టలో పడ్డాయి, నాకేమీ విచారం లేదు. పేజీ తిప్పించడమే మా పనిలో అసలు కిటుకు. కుడిపేజీ చివర తలుపు సగమే తెరవాలి. లోపల ఏముందో చూడాలని పిల్ల చెయ్యి తనంతట తానే కాగితం మీదికి రావాలి. రాలేదంటే ఎంత మంచి బొమ్మయినా దండగే.

ఇప్పుడు మా అమ్మాయి పళ్ల డాక్టరు. కుర్చీలో కూర్చున్న పిల్లలకు "నొప్పి పుడుతుంది, కానీ కాసేపే" అని ఉన్నమాట చెబుతుంది. అమ్మ బాధపడుతుందని ఏనాడూ దాహం దాచుకోలేదు. కాబట్టి ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత దానికే అప్పగిస్తున్నాను.

3. నా పుస్తకాలన్నీ కుట్టిన బైండరు గారికి, కాగితం మడత నొక్కే నా ఎముక పలకను, కిటికీ పక్కనున్న చేతుల కుర్చీని ఇస్తున్నాను. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన కూర్చునేది అందులోనే.

నా మొదటి పుస్తకంలో గాడిద మొహం నడిమి మడతలో పడిపోయింది. బల్ల మీద పరిచిన పెద్ద కాగితంలో బొమ్మ నిండుగా, అందంగా ఉంటుంది. రేపు అది పుస్తకమై, నడుమ కుట్టు పడి, వేలెడు బొమ్మ ఆ కుట్టులో మునిగిపోతుందని ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్లకు తోచదు. అచ్చు కాగితాలు తన చేతికి వచ్చాక ఆయన కబురు పంపారు: "మీ గాడిద మూతి కుట్టులోకి పోతోందమ్మా. కుట్టు కాస్త వదులుగా వేస్తాను, పిల్లలే మడత విప్పి తొంగి చూస్తారు." అలాగే చూశారు. నేను ఏ బడికి వెళ్లినా ఆ పేజీ తీసి, మడతలో వేలు పెట్టి, గాడిద మొహాన్ని బయటికి లాగి నాకే చూపించేవాళ్లు. అప్పటి నుంచి ప్రతి పుస్తకంలోనూ మడతలో ఏదో ఒకటి కావాలనే దాచాను. ఒకదాంట్లో చీమ, ఒకదాంట్లో తాళంచెవి. నలుగురూ దాన్ని నా శైలి అన్నారు. అందులో సగం బైండరు గారిది. ఆఖరి పుస్తకం కూడా ఆ వదులు కుట్టుతోనే రావాలి.

4. మా అన్నయ్యకు నా భూతద్దమూ, నా పుస్తకాల పూర్తి సెట్టూ చెందవలసినవి. నలుగురు కూడిన ప్రతిచోటా ఆయన నన్ను "మా చెల్లెలు, ఖాళీగా ఉన్నప్పుడు బొమ్మలేసుకుంటూ ఉంటుంది" అని పరిచయం చేశాడు. నేను ఖాళీగా ఉండగా ఆయన చూసిన రోజంటూ లేదు. గాడిద చాకిరీ అంటారే, అది చేసి పెంచాను నా గాడిదను. మొదట్లో నా బొమ్మలు చూసి "గాడిదకేం తెలుసు గంధం వాసన" అని నవ్వాడు కూడా. ఆ మాటే పట్టుకుని, వాసన చూసుకుంటూ ఊరంతా తిరిగే గాడిద మీద ఒక పుస్తకం వేశాను. నా పుస్తకాల్లో పిల్లలు చదివి చదివి చింపేసినది అదే. పోతే, అందులో గోడెక్కి అందరికీ సలహాలు చెప్పే పుంజు ఎవరో మా ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆయనకు తప్ప. అన్నయ్యా, భూతద్దం పెట్టి ఆ పుంజు కళ్లజోడు చూడు. పుంజు లేకపోతే ఆ పుస్తకం చప్పగా ఉండేది. ఈ సంగతి నీకు చెప్పకుండా వెళ్లిపోవడం నాకిష్టం లేదు.

5. నా మనవరాలికి, అనగా నా కుమారుడి కూతురికి, నా నీటిరంగుల పెట్టె, బ్రష్షులన్నీ, వాటితోపాటు ఈ ఒక్క సూత్రం: మాట చెప్పింది బొమ్మ చెప్పకూడదు. "గాడిదకు భయమంటే ఏమిటో తెలియదు" అని కింద మాట ఉంటే, పైన బొమ్మలో గాడిద మంచం కింద ఉండాలి. అప్పుడు చదివి వినిపించే పెద్దవాళ్ల కంటే, చదవడం రాని పిల్లకే ఎక్కువ తెలుస్తుంది. పిల్లల జీవితంలో అలా జరగడం అరుదు. నేను ఇన్నేళ్లూ పని చేసింది అప్పుడు ఆ పిల్ల నవ్వే ఆ ఒక్క నవ్వు కోసం.

చెయ్యి వణకడం మొదలయ్యాక నేను పాళీ పక్కన పెట్టేశాను. వాలుబల్ల మీద గుడ్డ కప్పేశాను. ఎవరైనా పని గురించి అడిగితే కసిరేదాన్ని. బతుకు మీదే కోపంగా ఉండేది. ఒక ఆదివారం ఈ పిల్ల వచ్చి, గుడ్డ లాగేసి, గాడిదను గీయమని పేచీ పెట్టింది. గీశాను. చెవులు, వీపు, పొట్ట, తోక, అన్నీ వణికాయి. సిగ్గేసి కాగితం చించబోతుంటే అది నా చెయ్యి పట్టుకుని, బొమ్మకు మొహం ఆనించి చూసి, "నాన్నమ్మా, గాడిదకి చలేస్తోందా?" అంది. ఎన్నో కథలు మొదలుపెట్టాను గానీ ఇంత మంచి మొదలు నాకెప్పుడూ దొరకలేదు. చలేస్తోందనీ, దుప్పటి వెతుక్కుంటోందనీ చెప్పాను. వెంటనే అది కాగితం తిరగేసి, దుప్పటి ఎక్కడుందో చూపించమంది. నా ఆఖరి పుస్తకం అలా పుట్టింది.

6. సదరు పుస్తకం గురించి. గాడిదకు చలేస్తుంది. మబ్బును కప్పుకుంటే తడిసిపోతుంది. గడ్డివాములో దూరితే తుమ్ములొస్తాయి. పాత పుంజు జాలిపడి ఒక్క ఈక ఇచ్చి, బోలెడు సలహాలిస్తుంది. పేజీ పేజీకీ నా గీత మరింత వణుకుతుంది. చెయ్యి నిలకడగా ఉన్న రోజుల్లో నాకీ పుస్తకం చేతకాదు. గర్వంగానే చెబుతున్నాను, నేను వేసినవాటన్నిటిలోకీ గొప్పది ఇదే.

పబ్లిషరు గారు, అంటే మొదటి పబ్లిషరు గారి అబ్బాయి, ఈ బొమ్మలను కంప్యూటరులో పెట్టి గీతలన్నీ సాపు చేయించి నాకు పంపాడు. "అచ్చం మీ పాత గీతలాగే వచ్చిందండీ" అన్నాడు. చూద్దును కదా, ఇస్త్రీ చేసిన చొక్కాలా నిలబడి ఉంది గాడిద. చలే లేని గాడిదకు దుప్పటి ఎందుకు? అతను చెడ్డవాడేమీ కాదు, కాకపోతే నేల మీద పడుకుని పుస్తకం చదివి చాలాకాలమైనట్టుంది.

నా కుమారుడు కూడా అతని వైపే మాట్లాడాడు. దానికి కారణం నాకు తెలుసు. ఆ మధ్య బ్యాంకుకు వెంట వచ్చాడు. నా సంతకం పాతదానితో కలవలేదన్నారు. మళ్లీ చేయించారు, మళ్లీ కలవలేదు. వెనక వరుసలో జనం గొణుగుతుంటే మా వాడు తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండి అదే కాగితం మీద గాడిదను గీశాను. కౌంటరులో అమ్మాయి లేచి నిలబడి, లోపలి నుంచి మేనేజరును పిలుచుకొచ్చింది. సంతకం కలవలేదు గానీ గాడిద కలిసింది. అయినా వేలిముద్ర వేయించుకునే పంపారనుకోండి. ఇంటికొచ్చాక మా వాడు "నీ చెయ్యి సంగతి లోకానికి ఎందుకమ్మా" అన్నాడు. నా పేరు మీద వాడికున్న ప్రేమ నాకు తెలుసు. అయినా ఆ చేతిని నేను దాచుకోను.

అందుచేత ఇందుమూలంగా నిర్ణయించడమేమనగా: సదరు పుస్తకంలో నేను గీసిన ఏ గీతనూ, ఎవరూ, ఏ యంత్రంతోనూ సాపు చేయరాదు, దిద్దరాదు, మార్చరాదు. ఈ షరతుకు లోబడే పబ్లిషరు గారికి ప్రచురణ హక్కు ఉంటుంది. మీరినచో ఆ హక్కు రద్దయి నా కుమార్తెకు దఖలు పడుతుంది. నా తదనంతరం కొత్త గాడిద కథలు ఎవరైనా వేసుకోవచ్చు, పిల్లలైతే. పెద్దవాళ్లకు అనుమతి లేదు.

7. నా కుమారుడికి ఈ వాలుబల్లనూ, సదరు పుస్తకంలో ఆఖరి పేజీనీ ఇస్తున్నాను.

ఆ పేజీ ఇంకా ఖాళీగా ఉంది. అందులో గాడిదకు దుప్పటి దొరుకుతుంది. పుస్తకమంతా వణికిన గీత అక్కడ ఆగాలి. చలి తగ్గిందని మాటల్లో రాయకూడదు, గీతే చెప్పాలి. మణికట్టును బల్లకు కట్టుకుని గీశాను. ఎడమచేత్తో గీశాను. ఊపిరి బిగబట్టి గీశాను. ఎలా గీసినా దుప్పటి కింద కూడా గాడిద వణుకుతూనే ఉంది. యంత్రం గీతలో చలీ ఉండదు, వెచ్చదనమూ ఉండదు, కాబట్టి అది నాకు పనికిరాదు.

ఇక్కడ ప్లీడరు గారి భాష వదిలేస్తున్నాను. ఒరే నాన్నా, ఆ పేజీ నిన్నే గీయమని బతికుండగానే అడిగాను. అడిగినప్పుడల్లా "నువ్వే గీస్తావులే అమ్మా, తగ్గిపోతుంది" అన్నావు. నీకు గీయడం ఇష్టంలేక కాదని నాకు తెలుసు. నువ్వు గీస్తే అమ్మ చెయ్యి ఇక తగ్గదని ఒప్పుకున్నట్టవుతుందని నీ భయం. తగ్గదురా. నేను ఒప్పుకున్నాను, నువ్వూ ఒప్పుకో.

బొమ్మలు రావని సాకు చెప్పకు. నీ చెల్లెలు కథలు వింటుంటే నువ్వు ఇదే బల్ల చివర కూర్చుని స్కేలు లేకుండా తిన్నని గీతలు గీసుకునేవాడివి. ఇప్పుడు ఇళ్ల ప్లాన్లు గీసి బతుకుతున్నావు. దుప్పటి అంటే చెవుల దగ్గర మొదలై, వీపు మీదుగా వెళ్లి, తోక దగ్గర దిగే ఒక్క గీత. ఎక్కడ మొదలుపెట్టాలో డమ్మీలో పెన్సిలుతో చుక్క పెట్టాను. నీకు సాపు గీత కావాలి కదా. ఈ పుస్తకం మొత్తంలో సాపుగా ఉండాల్సిన గీత అదొక్కటే. అది నీది. అట్ట మీద నా పేరు పక్కన నీ పేరు ఉంటుంది, అలాగే వేయాలని పబ్లిషరు గారికి షరతు.

నువ్వు గీయకపోతే మరెవరి చేతా గీయించరాదు. ఆ పేజీ తెల్లగా ఉంచి అలాగే అచ్చు వేయాలి. అప్పుడు పుస్తకం మూసే ప్రతి పిల్లా గాడిద ఇంకా చలిలోనే ఉందనుకుంటూ నిద్రపోతుంది. మీ అమ్మాయి కూడా.

8. పైన రాయించినదంతా చదివించుకుని విని, సరేననుకుని సంతకం చేస్తున్నాను. ఇది నా సంతకం కాదని రేపు ఎవరైనా పేచీ పెడితే పక్కనున్న గాడిదను చూపించండి. అదీ వణుకుతూనే ఉంటుంది. దాని వీపు మీద ఒక గీతకు సరిపడా చోటు వదిలాను.

తేదీ: 2025 ఫిబ్రవరి 11, మంగళవారం

(సంతకం) గాడిదమ్మ
పక్కన గాడిద బొమ్మ

సాక్షులు:

1. నరాల డాక్టరు (సంతకం)

2. పక్కింటి టైలరమ్మ (సంతకం). గాడిదమ్మ గారు నా కళ్లెదుటే సంతకం చేశారు. చెయ్యి వణికింది, మాట వణకలేదు.