నావికుల చొక్కాలు, నాన్న లాల్చీ

నాన్నా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళి పదకొండు నెలలైంది. రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఉన్నాను... ఇవాళ మాత్రం ఆగలేకపోతున్నాను.

వన్ టౌన్‌లో మన డ్రామా డ్రెస్సుల షాపుకి ఎలాంటి పని వచ్చిందో తెలుసా? నావికుల చొక్కాలు! అదీ రెండు వందల ఏళ్ళ కిందటి దొరల ఓడ మీద పనిచేసే వాళ్ళవి. ఒపేరా అట. మాట్లాడరు, మొత్తం పాడడమే. మన పద్యనాటకం లాంటిదే, కాకపోతే హార్మోనియం బదులు వయొలిన్లు. ఊళ్ళో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు వేస్తున్నారు. డైరెక్టరుగారు ఒకావిడ, ఆ కాలం బట్టల బొమ్మలు గీసిన కాగితాలు పట్టుకుని షాపుకొచ్చారు.

అన్నయ్య మొహం చిట్లించాడు. షాపుని సెల్‌ఫోన్ల వాళ్ళకి అద్దెకిచ్చేద్దామని వాడి పట్టు. కత్తెర నా చేతికి నప్పదట! ఈ పని చెడితే నేనే తాళాలిచ్చేస్తానని ఒళ్ళు మండి అనేశాను. నా నోటి సంగతి నీకు తెలియనిదా?

ఇరవై చొక్కాలు కుట్టాను. ఇప్పటి కుర్రాళ్ళు వేసుకునేలా, చంకల దగ్గర బిగుతుగా. తొడుక్కుంటే ఎంత ముచ్చటగా ఉన్నారో! రిహార్సల్‌లో తెరచాప తాడు లాగుతూ అందరూ పాట ఎత్తుకున్నారు... పర్‌ర్‌ర్‌మని ఒకటే చప్పుడు. ఇరవై మందికీ చంకలు చిరిగాయి! నాకు తల కొట్టేసినట్టయింది.

"అద్దంలో చూసుకుంటే చాలదండీ, ఏదీ, రెండు చేతులూ పైకెత్తండి!" ట్రయల్‌కి ఎవరొచ్చినా నీది అదే మాట. కిరీటం పెట్టిన రాజునైనా చేతులెత్తించకుండా పంపేవాడివి కాదు. ఎలా మర్చిపోయాను నాన్నా?

డైరెక్టరుగారు ఐదు రోజులు గడువిచ్చారు. అప్పటికి కాకపోతే చెన్నై నుంచి తెప్పించుకుంటామన్నారు. ఇంటికొచ్చి బీరువాలో నీ పాత లాల్చీ తీసి, మొహానికి అదుముకుని ఏడ్చాను. ఏడుస్తుండగానే వేలికి తగిలింది... చంక కింద నువ్వు వేసే నలుచదరపు ముక్క! చెయ్యెత్తినా పట్టెయ్యకుండా వేసేవాడివే, అది. పరుగున వెళ్ళి ఆ బొమ్మలు చూశాను. దొరల చొక్కాలకీ అక్కడే, అదే ముక్క! నేనేమో మాసిక అనుకుని వదిలేశాను. ఆ దొరల దర్జీకీ నీకూ ఒకే మాట ఎవరు చెప్పారు?

ఇరవై చొక్కాలూ విప్పి ముక్కలు వేశాను. గుండీలు అన్నయ్య కుట్టాడు, నమ్ముతావా? రేపే ఆట, ఇవాళ మళ్ళీ రిహార్సల్. ముందు నేనే అరిచాను, చేతులెత్తండని. నలభై చేతులు లేచాయి. తాడు లాగారు, గొంతెత్తి పాడారు... ఒక్క కుట్టు తెగలేదు! అన్నయ్య అక్కడి నుంచే సెల్‌ఫోన్ల వాళ్ళకి ఫోన్ చేసి, షాపు ఇవ్వడం లేదని చెప్పేశాడు.

ఇంకోటి చెప్పనా? కుట్టు చూపిద్దామని నీ లాల్చీ తీసుకెళితే, డైరెక్టరుగారు దాన్ని వదల్లేదు. వెలిసిన రంగు, మోచేతుల దగ్గర పల్చబడ్డ బట్ట... ముసలి నావికుడికి ఇదే కావాలన్నారు. ఆ వేషం వేసే అతను దాన్ని కళ్ళకద్దుకుని తొడుక్కున్నాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

ఎన్నేళ్ళు నాన్నా, సూది పట్టుకుని తెర పక్క చీకట్లో నిలబడ్డావు! ఒక్కసారి స్టేజీ ఎక్కమంటే, "నా పని ఇక్కడేనే బుజ్జీ" అనేవాడివి.

రేపు ఎక్కుతున్నావు. తెర పక్కన సూదీ దారం పట్టుకుని నేనుంటాను.

నీ
బుజ్జి