రాణి కిరీటంలో కెంపు

అక్కా,
వేలు కాలింది తప్ప నేను బాగానే ఉన్నాను, అమ్మకు మాత్రం చెప్పకు. మా నాటకంలో రాణి కిరీటానికి జిగురు కరిగించి, గోళ్లరంగు పూసి, వెనక చాక్లెట్ రేకు అంటించి కెంపు చేశాను. భలే మెరిసింది. తీరా రిహార్సల్లో లైట్ల వేడికి కరిగి రాణి జుట్టుకే అతుక్కుంది! కత్తిరించాల్సి వచ్చింది.

"ఇక చాల్లేమ్మా, కొనేద్దాం" అన్నారు నాటకం దుస్తులు కుట్టే టైలరు మాస్టారు. నేను ఒప్పుకోలేదు. ఈసారి గట్టిపడ్డాక వేడికి కరగని రెసిన్ పోస్తాను. అచ్చుకి అమ్మ పాత కోటుకున్న పలకల గుండీ ఒకటి కోసి పంపు. అడిగితే నేనే ఎత్తుకెళ్లానని చెప్పు, వెంటనే నమ్ముతుంది.

బావగారిని అడిగానని చెప్పు. ఆపరేషన్ చేసిన అమ్మ కంటికి కట్టు విప్పారా? విప్పితే నాటకానికి తీసుకొచ్చి చివరి వరసలో కూర్చోబెట్టు. అక్కడి నుంచి అమ్మకు నా కెంపు కనబడకపోతే, అప్పుడు కొంటాను.

నీ మొండి చెల్లెలు