గేములో వంగిన గోడ

ప్రియమైన శ్రీమతికి,

ఇక్కడ నేను, అమ్మ క్షేమం. అక్కడ డ్యూటీల మధ్య నువ్వు వేళకు తింటున్నావో లేదో గానీ, క్షేమమేనని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం పక్కన పెట్టుకునే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మనిద్దరం గేములో కడుతున్న ఇంటికి పడమటి గోడ ఇంకా మధ్యలో వంగే కనిపిస్తోంది. నువ్వు చెప్పినట్టే రిజల్యూషన్ మానిటర్‌కి సరిపడేది పెట్టాను. అంతకుముందు నేను వెలగబెట్టిన ఘనకార్యం కూడా చెప్పాలి. వెడల్పు, ఎత్తు అని రెండు గడులు కనిపిస్తే, టేపు తీసి స్క్రీన్ కొలిచి ఆ అంగుళాలే కొట్టాను. వడ్రంగి బుద్ధి ఎక్కడికి పోతుంది. గేము ఒప్పుకోలేదు. నవ్వుకో, పరవాలేదు.

స్కేలింగ్ ఎంత ఉందని అడిగావు. నూట యాభై శాతం ఉంటే వందకి తగ్గించాను. అక్షరాలు చీమలంత అయ్యాయి, గోడ మాత్రం మారలేదు. ఫుల్ స్క్రీన్ తీసేసి చిన్న విండోలో ఆడాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే మళ్ళీ వెళ్ళి చూడాలనిపిస్తోంది. చివరికి అమ్మని పిలిచి చూపించాను.

"ఏదిరా వంకర? తిన్నగానే ఉంది కదా," అంది.

"సరిగ్గా చూడమ్మా."

"చూశాలేరా. ముందు నువ్వు లేచి భోంచెయ్యి. పెళ్ళాం ఊళ్ళో లేకపోతే నీ వరసే ఇంత."

"నీ కళ్ళజోడే మార్చాలి," అని అమ్మని కసిరాను. ఆవిడ వెళ్ళాక ఇనప స్కేలు తెచ్చి స్క్రీన్ మీద ఆ గోడకి ఆనించి చూశాను. గోడతో పాటు స్కేలు కూడా వంగింది.

అప్పటినుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. నీకు రాయకుండా దాచిన సంగతి ఒకటుంది. మొన్న లాయరుగారింట్లో అలమారా తలుపు అంచు వంకరగా ఉందనిపించి చిత్రిక పట్టాను. పట్టేకొద్దీ ఇంకా వంకరగానే కనిపించింది. బిగించి చూస్తే మధ్యలో వేలు దూరేంత సందు.

"బాగున్న తలుపుని ఇలా చేశావేంటయ్యా మేస్త్రీ?" అన్నాడాయన.

చెక్క పచ్చిది, ఆరేటప్పుడు వంగిందని బొంకాను. అది ఎంత మంచి చెక్కో నాకు తెలుసు.

నీ ఉత్తరం చివర గేముతో సంబంధం లేని ప్రశ్న ఒకటి వేశావు, ఒక్కో కన్నూ మూసి చూశావా అని. కళ్ళాసుపత్రి నర్సువి, నువ్వు ఊరికే అడగవు. అందుకే అదొక్కటీ వదిలేసి మిగతావన్నీ చేశాను.

ఇప్పుడే చేశాను. ఎడమ కన్ను మూస్తే గోడ తిన్నగా ఉంది. కుడి కన్ను మూస్తే వంగింది.

నాకు చాలా భయంగా ఉంది. చూపు లేకపోతే ఉలి పట్టి నేనేం చెయ్యను? రేపు పొద్దున్నే బస్సెక్కుతున్నాను. నిన్ను చూడటానికి వెళ్తున్నానని అమ్మకి చెప్పాను. ఈ ఉత్తరం పోస్టు చెయ్యను, నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నీ ముఖం చూస్తే నాకు నోరు పెగలదు. చదివాక ఏమీ అడక్కు. డాక్టరు గదిలోకి నాతో పాటు రా.

ఇట్లు,
నీ ఎదురుగానే నిలబడి ఉన్న
మీ ఆయన