నా తల మీద యాదమ్మగారి బోనం

హఫీజ్‌పేట్,
ఆదివారం.

నాన్నగారికి నమో బుద్ధాయ.

మీ సుజాత ఇక్కడ కులాసాగా ఉంది. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? తమ్ముడు ఇంటర్ పుస్తకాలు తెచ్చుకున్నాడా? బూత్ నుంచి ఫోన్ చేస్తే వెనకున్నవాళ్లు తొందరపెడతారు, ఏదీ సరిగ్గా చెప్పలేకపోతున్నాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

జ్వరం పూర్తిగా తగ్గింది. నిజంగానే తగ్గింది, అమ్మను కంగారు పడొద్దని చెప్పండి. మళ్లీ ఆఫీసుకు వెళుతున్నాను. రెండు వేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్ ప్రోగ్రాములు తేదీలు తప్పు చదువుతాయట, వాటిని సరిచేసే పని మాది. మాదాపూర్‌లో ఎటు చూసినా బండలు పేల్చి మేడలు కడుతున్నారు. వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిందే. క్యాంటీన్ కూరల్లో ఉప్పూ కారం ఉండవు. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపండి.

ఇక అసలు సంగతి. మా ఇంటి ఓనరు యాదమ్మగారి గురించి చెప్పాను కదా. గది కోసం తిరిగినప్పుడు చందానగర్‌లో రెండు మూడిళ్ల వాళ్లు "మీరేవిట్లు?" అని కులం అడిగి, చెప్పాక గది ఖాళీ లేదన్నారు. ఈవిడ మాత్రం "పొద్దుగాల్నే నల్లా వస్తది, లేస్తవా?" అని అడిగి తాళంచెవి చేతిలో పెట్టింది. టైఫాయిడ్‌తో ఒళ్లు తెలియకుండా పడి ఉంటే దవాఖానకు తీసుకెళ్లిందీ, జావ కాచి తాగించిందీ ఆవిడే. అప్పుడే, నాకు తెలియకుండా, పోచమ్మకు మొక్కుకుందట. నేను లేచి తిరిగితే నా చేత బోనం ఎత్తిస్తానని.

బోనాలు దగ్గరపడ్డాక ఆ మాట బయటపెట్టింది.

"మా నాన్నగారు బౌద్ధ దీక్ష తీసుకున్నారండి. దేవుళ్లకు మొక్కనని మాట ఇచ్చారు. మా ఇంట్లో బుద్ధుడి పటం ఒక్కటే ఉంటుంది" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. మన ఊరి జాతరలో నానమ్మ నైవేద్యాన్ని గుడి దాకా రానివ్వకుండా వీధి చివరే దింపించిన సంగతి.

యాదమ్మగారు చాటలో బియ్యం అలాగే వదిలేసి నా వంక చూసింది. "అట్ల చేసిండ్రా?" అంది. చాట పక్కకు జరిపి, "నువ్వు మొక్కకు బిడ్డా. మొక్కు నాది, నెత్తి ఒక్కటే నీది. ఇష్టం లేకుంటే నేనే ఎత్తుకుంట. అమ్మ ఏమనదు" అంది.

చాలా ఆలోచించాను నాన్నగారూ. మీరు నేర్పినట్టు అందరి మేలూ కోరుతూ మైత్రి ధ్యానంలో కూర్చుంటే, ఆవిడ జావ గ్లాసు పట్టుకుని నా మంచం పక్కన కూర్చున్నదే కనిపించింది. అందులో మైత్రి కానిదేముంది? బోనం ఎత్తుకున్నాను.

పసుపు రాసిన కొత్త కుండ, చుట్టూ వేపరెమ్మలు, పైన దీపం. సన్నగా తుంపర. గుడి దగ్గర ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి "ఈ పోరి ఎవరి తాలూకు?" అంది. నా కాళ్లు ఆగిపోయాయి.

"నా ఇంటి బిడ్డ. జర జరుగు, దీపం తాకుతది" అంది యాదమ్మగారు.

గడప దాటి లోపలికెళ్లి అమ్మవారి ముందు బోనం దించాను. నానమ్మ గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. ఏ కోరికా కోరలేదు. "సర్వప్రాణులూ సుఖంగా ఉండాలి" అనుకున్నాను.

తిరిగొస్తుంటే ఏం కోరుకున్నావని ఆవిడ అడిగింది. చెప్పాను.

"అందరా? మా మరిది గుడనా?" అంది. స్థలం గొడవతో అతనితో మాటలు లేవు.

"ఆయన కూడానండి."

"గదైతే జర కష్టమే" అని నవ్వేసింది.

అయినా మర్నాటి నుంచి పొద్దున్నే ధ్యానానికి నా పక్కన కళ్లు మూసుకుని కూర్చుంటోంది. నల్లా చప్పుడైతే లేచి పరుగెడుతుంది, బిందెలు నింపి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పోయిన వారం మరిది కొడుకు పుట్టినరోజని గిన్నె నిండా పాయసం పంపింది. గిన్నె ఇంకా తిరిగి రాలేదు, కానీ ఆ మరిది నిన్న వీధిలో "వదినా, బాగున్నవా?" అని పలకరించాడు. ఆవిడ అది నాకు నాలుగుసార్లు చెప్పింది.

ఇప్పుడు ఆవిడకు బుద్ధుడి పటం కావాలట. పోచమ్మ పక్కనే పెట్టుకుంటుందట. "మా అమ్మకు కోపం జాస్తి. ఈయన సల్లగ కూసున్నడు. ఒక్క తావుల ఉంటే ఇద్దరికీ మంచిదే" అంటోంది. ఇక్కడ బజారులో కొనగలను. కానీ మీ చేత్తో ఇచ్చింది అయితే బాగుంటుందని నాకు ఆశ. మీరు ఇచ్చిన మాట ఎంత బాధలోంచి వచ్చిందో నాకు తెలుసు. దాన్ని నేను తేలిక చేయలేదు.

అమ్మకూ, పెదనాన్నగారికీ నా నమస్కారాలు. తమ్ముడికి ఆశీస్సులు. మీ దీవెన నాకెప్పుడూ కావాలి. కోపం వస్తే కోపంగానే రాయండి నాన్నగారూ, రాయకుండా మాత్రం ఉండకండి. పటం పంపేటట్టయితే వెనక యాదమ్మగారి పేరు రాయండి.

మీ పాదాలకు నమస్కరిస్తూ,
మీ అమ్మాయి
సుజాత