కరాఖండిగా అన్నారు

అత్తయ్యా,

ఫోన్ చేస్తే నవ్వాగదు, నాన్న పక్కగదిలోనే ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం.

లక్ష్మీకాంత్‌ని చేసుకుంటానంటే మీ అన్నయ్య "మెకానిక్కా? కుదరదు" అని కరాఖండిగా చెప్పేశారు కదా! అదే మాట అతని మొహం మీదే చెప్పాలని నిన్న గంజి పెట్టిన చొక్కా వేసుకుని, బిర్రబిగుసుకుని ఆటోనగర్ బయల్దేరారు. సరిగ్గా అతని షెడ్డు ముందే స్కూటర్ మొరాయించింది! అతను బాగుచేస్తుంటే ఈయన పక్కన కూర్చుని స్పానర్లు అందించారట.

సాయంత్రం ఒళ్లంతా గ్రీజుతో, ఈల వేసుకుంటూ వచ్చారు.

"వద్దని చెప్పారా?" అంది అమ్మ.

"ఇక నా బండి మీద అల్లుడు తప్ప ఎవడూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు" అన్నారు, అంతే కరాఖండిగా!

ఆ చొక్కా నేను ఉతకనివ్వలేదు. మళ్లీ బిగుసుకుంటే సాక్ష్యం ఉండాలి కదా! నువ్వు వెంటనే వచ్చెయ్.

నీ మేనకోడలు